జాక్సన్ అప్పంతా తీర్చేశాడు సరే, రెండేళ్లకే బ్యాంకులు ఎందుకు చేతులెత్తేశాయి?

గోదారిగట్టు (1)
ఆండ్రూ జాక్సన్ మీద తెలుగులో ఏ వీడియో చూసినా ఒకటే పాట. అమెరికా జాతీయ అప్పును సున్నా చేసిన ఏకైక అధ్యక్షుడు, పెద్ద బ్యాంకు మెడలు వంచిన మొనగాడు అని చెప్పి ఆపేస్తారు. 1835 జనవరిలో అప్పు తీరింది. 1837 మే 10న న్యూయార్క్ బ్యాంకులు నోటు తెచ్చినవాళ్లకి వెండి బంగారాలు ఇవ్వడం మానేశాయి. మధ్యలో రెండేళ్ల నాలుగు నెలలే. ఖజానా నిండి పొర్లుతున్న దేశం అంత తొందరగా ఎలా కుదేలైంది? మంచోడా చెడ్డోడా అనే తగువు ఇక్కడ వద్దు. డబ్బు ఎటు నుంచి ఎటు పోయిందో తెలిసినవాళ్లు విడమర్చి చెప్పండి.

పాతనాణెం (2)
ముందు బ్యాంకు సంగతి తేలాలి. అప్పట్లో కేంద్రం కరెన్సీ నోట్లు వేసేది కాదు. ఏ బ్యాంకుకి ఆ బ్యాంకు తన రాష్ట్రం దగ్గర చార్టర్ (అనుమతి పత్రం) తీసుకుని సొంత నోట్లు అచ్చేసుకునేది. నోటంటే "ఇది తెస్తే ఇంత వెండో బంగారమో ఇస్తాం" అని రాసిచ్చిన మాట. లోపలున్న నాణేల కన్నా బయట తిరిగే నోట్లు ఎప్పుడూ ఎక్కువే ఉంటాయి. ఎంత ఎక్కువ అన్నదగ్గరే పేచీ.

దానికి కళ్లెం సెకండ్ బ్యాంక్ ఆఫ్ ది యునైటెడ్ స్టేట్స్. 1816లో 20 ఏళ్ల చార్టర్, మూలధనం 3.5 కోట్ల డాలర్లు. ఐదో వంతు ప్రభుత్వానిది, మిగతాది ప్రైవేటు వాటాదారులది. హెడ్డాఫీసు ఫిలడెల్ఫియాలో. ప్రభుత్వ రాబడి అందులోనే జమ అయ్యేది. సుంకాలు, భూముల సొమ్ము కట్టేవాళ్లు రాష్ట్ర బ్యాంకుల నోట్లు తెచ్చిస్తే అవి కట్టలు కట్టలుగా ఈ బ్యాంకుకి చేరేవి. అది వాటిని అచ్చేసిన బ్యాంకు కౌంటరుకే తిప్పి పంపి "నాణేలు లెక్కపెట్టు" అనేది. ఎప్పుడు ఎవరొచ్చి అడుగుతారో తెలిసిన బ్యాంకు ఒళ్లు మరిచి నోట్లు అచ్చేయదు. 1823 నుంచి నికొలస్ బిడిల్ దీని అధ్యక్షుడు, ఈ పని బాగా ఒడుపుగా నడిపాడు. జాక్సన్ ఊడదీసింది ఈ కళ్లేన్నే.

వేపపుల్ల (3)
అంత పనికొచ్చే బ్యాంకు మీద ఆయనకి అంత పగ దేనికి?

నాష్‌విల్_నుంచి (4)
@వేపపుల్ల పాత దెబ్బ ఒకటుంది. 1795లో జాక్సన్ ఫిలడెల్ఫియా వెళ్లి డేవిడ్ ఆలిసన్ అనే వ్యాపారికి టెన్నెసీ భూములు అమ్మాడు. ఆలిసన్ రొక్కం ఇవ్వలేదు, ప్రామిసరీ నోట్లు రాసిచ్చాడు. జాక్సన్ వాటి వెనక సంతకం పెట్టి, వాటితోనే తన దుకాణానికి సరుకు కొన్నాడు. ఆలిసన్ దివాలా తీశాడు. వెనక సంతకం పెట్టినవాడే బాధ్యుడు కాబట్టి ఆ అప్పంతా జాక్సన్ నెత్తిన పడింది. దాన్నించి తేరుకోడానికి ఏళ్లు పట్టింది. కాగితం మీద, అప్పు మీద ఆయనకి నమ్మకం చచ్చింది అక్కడే.

అయితే పగ ఒక్కటే అంటే అన్యాయం. ప్రజల డబ్బు పెట్టుకుని ప్రైవేటు వాటాదారులు లాభం తింటున్నారు, వాళ్లలో విదేశీయులున్నారు, బ్యాంకు కాంగ్రెస్ సభ్యులకి అప్పులిస్తోంది. సెనేటర్ డేనియల్ వెబ్‌స్టర్ ఆ బ్యాంకు దగ్గర వకీలు ఫీజు పుచ్చుకుంటూనే సభలో దాని తరఫున మాట్లాడేవాడు. ఇవన్నీ నిజాలే. చార్టర్ పొడిగించే బిల్లును 1832 జులై 10న వీటో చేశాడు. ఆ ఏడాది అధ్యక్ష ఎన్నికలో ప్రత్యర్థి హెన్రీ క్లేకి 49 ఎలక్టోరల్ ఓట్లు, ఈయనకి 219. జనం తీర్పు వచ్చేసిందని ఆయన లెక్క.

కాకతీయ72 (5)
వీటోతో బ్యాంకు చావలేదు. చార్టర్ 1836 దాకా ఉంది. చంపింది 1833లో, డిపాజిట్లు ఆపి.

అది జరిగిన తీరు చూడండి. డిపాజిట్లు మార్చే అధికారం చట్టం ప్రకారం ట్రెజరీ కార్యదర్శిది, అధ్యక్షుడిది కాదు. అప్పటి కార్యదర్శి మెక్‌లేన్ ఒప్పుకోకపోతే ఆయన్ని విదేశాంగ శాఖకి పంపాడు. ఆ కుర్చీలో విలియం డ్యువేన్‌ని కూర్చోబెట్టాడు. డ్యువేనూ సంతకం పెట్టనన్నాడు, రాజీనామా కూడా చెయ్యనన్నాడు. సెప్టెంబరు 23న పీకేసి రోజర్ టానీని తెచ్చాడు. అక్టోబరు 1 నుంచి కొత్త రాబడి రాష్ట్ర బ్యాంకులకి, ఖర్చులు మాత్రం పాత బ్యాంకు ఖాతాలోంచి. పెట్టెలు, బళ్లు ఏమీ కదల్లేదు. ఒక గొట్టం మూసి ఇంకోటి తెరిచారు, పాత తొట్టి దానంతటదే ఎండిపోయింది. ఆ డబ్బు దక్కిన బ్యాంకులకి ప్రత్యర్థులు పెట్టిన పేరు "పెంపుడు బ్యాంకులు".

సెనేట్ 1834 మార్చి 28న 26–20 ఓట్లతో ఆయన్ని అభిశంసించింది. పదవి నుంచి తీసే ప్రక్రియ కాదు, తప్పుపడుతూ చేసిన తీర్మానం. 1837 జనవరిలో ఆయన వర్గం బలం పుంజుకుని రికార్డులోంచి ఆ తీర్మానాన్ని కొట్టేయించింది.

పాతనాణెం (6)
5కి ఒక చేర్పు. బిడిల్ని అమాయకుణ్ణి చేయకండి. డిపాజిట్లు తగ్గుతున్నాయి కాబట్టి అప్పులు కొంత బిగించాల్సిందే, అంతవరకు సబబు. ఆయన అవసరానికి మించి బిగించాడు. వ్యాపారులు విలవిల్లాడి వాషింగ్టన్ మీద పడితే కాంగ్రెస్ దిగొస్తుందని ఆయన ఎత్తు. 1834 చలికాలంలో దివాలాలు మొదలయ్యాయి. "ఒక ప్రైవేటు మనిషి చేతిలో ఇంత బలమా" అని జాక్సన్ అడుగుతున్న ప్రశ్నకి బిడిల్ స్వయంగా రుజువు తెచ్చిచ్చినట్టయింది. వ్యాపారులు చివరికి బిడిల్ దగ్గరికే వెళ్లి వదలమన్నారు.

అడవితంగేడు (7)
బ్యాంకుల కథలో పడి అసలు ముక్క వదిలేస్తున్నారు. అప్పు తీర్చిన డబ్బు ఎక్కడిది? ఆదివాసీ తెగల్ని వెళ్లగొట్టి లాక్కున్న భూములు అమ్మిన డబ్బే కదా.

చిత్తుపద్దు (8)
@అడవితంగేడు సగమే ఒప్పుకుంటా. రాబడి పద్దులు చూడండి.

1833: కస్టమ్స్ 2.9 కోట్ల డాలర్లు, భూములు 40 లక్షలు.
1834: కస్టమ్స్ 1.62 కోట్లు, భూములు 49 లక్షలు.
1835: భూములు దాదాపు 1.48 కోట్లు.
1836: కస్టమ్స్ 2.34 కోట్లు, భూములు 2.49 కోట్లు.

జాక్సన్ వచ్చేనాటికి అప్పు సుమారు 5.8 కోట్లు. 1835 జనవరి 1 నాటికి పద్దులో మిగిలింది 33,733 డాలర్లు. అంటే అప్పు తీర్చింది ప్రధానంగా దిగుమతి సుంకం. రోడ్ల మీద ఖర్చు ఆపడం (1830 మే 27న మేస్‌విల్ రోడ్డు వీటో) దానికి తోడు. భూముల సొమ్ము వరదలా వచ్చింది అప్పు తీరాక. అది అప్పు తీర్చిన డబ్బు కాదు, ఆ తర్వాత మిగులుగా పేరుకున్న డబ్బు. కూలగొట్టింది ఆ మిగులే.

వేపపుల్ల (9)
సుంకం ఎక్కువ కట్టించుకుంటే దక్షిణాది ఊరుకుందా?

కాకతీయ72 (10)
ఊరుకోలేదు. 1828 టారిఫ్ మీదే కదా సౌత్ కరోలినా ఎదురు తిరిగింది. 1832 నవంబరు 24న "ఈ చట్టం మా రాష్ట్రంలో చెల్లదు" అని తీర్మానం. డిసెంబరు 10న జాక్సన్ ప్రకటన: ఏ రాష్ట్రానికీ కేంద్ర చట్టాన్ని రద్దు చేసే హక్కు లేదు, బలప్రయోగంతో విడిపోవడం రాజద్రోహం. 1833 మార్చిలో రెండూ ఒకేసారి: సైన్యాన్ని వాడే అధికారమిచ్చే ఫోర్స్ బిల్లు, 1842 కల్లా సుంకాన్ని 20 శాతానికి దించే రాజీ టారిఫ్. ఈ ఒక్క విషయంలో ఆయనకి పూర్తి మార్కులు వేస్తాను.

అడవితంగేడు (11)
@చిత్తుపద్దు లెక్క ఒప్పుకుంటున్నా, నా మాట సరిచేసుకుంటున్నా. అయితే ఆ 1.48 కోట్లు, 2.49 కోట్ల కిందున్న నేల ఎలా వచ్చిందో కూడా పద్దులో రాయాలి.

1830 మే 28న ఇండియన్ రిమూవల్ యాక్ట్ మీద సంతకం. ప్రతినిధుల సభలో 102–97. జాక్సన్ సొంత రాష్ట్రం టెన్నెసీ సభ్యుడు డేవీ క్రాకెట్ వ్యతిరేకంగా ఓటేశాడు. చట్టంలో "బలవంతంగా" అనే మాట లేదు. ఒప్పందం, మార్పిడి, 5 లక్షల డాలర్ల కేటాయింపు, ఇంతే. బలవంతమంతా అమలులో ఉంది.

చాక్టా తెగ వాళ్లది చూడండి. 1830 సెప్టెంబరులో డాన్సింగ్ రాబిట్ క్రీక్ ఒప్పందం, పోయింది సుమారు 1.1 కోట్ల ఎకరాలు. 14వ క్లాజు ప్రకారం ఉండిపోదలచిన కుటుంబ పెద్దకి 640 ఎకరాలు, పదేళ్లు దాటిన ఒక్కో బిడ్డకి అందులో సగం, చిన్నపిల్లలకి పావు. షరతు ఒక్కటే, ఆరు నెలల్లోపు ఏజెంటు దగ్గర పేరు రాయించుకోవాలి. ఏజెంటు విలియం వార్డ్. వచ్చినవాళ్లని తిప్పి పంపాడు, రాసినవాటిని సరిగ్గా ఉంచలేదు. వేలమంది ఉన్న జాతిలో చివరికి పుస్తకంలో తేలినవి 69 కుటుంబాలు. ఒక్క గుమాస్తా పేర్లు రాయకపోతే ఒక క్లాజు మొత్తం గాలికి పోయింది.

క్రీక్ తెగ వాళ్లకి 1832 ఒప్పందంలో పెద్దలకి 640, మిగతా కుటుంబాలకి 320 ఎకరాలు విడివిడిగా కేటాయించారు. అమ్ముకోవచ్చు, అమ్మకాన్ని ప్రభుత్వ ఏజెంటు ధ్రువీకరించాలి. దళారులు ఏం చేశారంటే, ఎవడో ఒకణ్ణి తెచ్చి "ఈ భూమి యజమాని ఇతనే" అని ఏజెంటు ముందు నిలబెట్టి వేలిముద్రలాంటి గుర్తు పెట్టించారు. డబ్బు అతని చేతిలో పెట్టి చూపించి, బయటికి రాగానే లాక్కున్నారు. అసలు యజమానికి తన పొలం అమ్ముడైన సంగతే తెలీదు. 1836లో వాళ్లని సైన్యం కాపలాతో పడమటికి తోలేశారు.

నాష్‌విల్_నుంచి (12)
ఇది కొత్తగా నేర్చింది కాదు. 1814 మార్చి 27న క్రీక్‌లలో ఒక వర్గం మీద జరిగిన హార్స్‌షూ బెండ్ యుద్ధంలో చెరోకీ తెగవాళ్లు, మిగతా క్రీక్‌లలో కొంతమంది జాక్సన్ పక్షాన పోరాడారు. ఆగస్టులో ఫోర్ట్ జాక్సన్ ఒప్పందంలో దాదాపు 2.3 కోట్ల ఎకరాలు రాయించుకున్నాడు. అందులో తన పక్షాన నిలబడిన క్రీక్‌ల నేల కూడా ఉంది.

దొడ్డిగుమ్మం (13)
చెరోకీలని బలవంతంగా పడమటికి నడిపించిన కన్నీటి బాట 1838లో కదా? అప్పటికి అధ్యక్షుడు వాన్ బ్యూరెన్. జాక్సన్ నెత్తిన ఎందుకు రుద్దుతారు?

ఇంకోటి, సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి గురించి జాక్సన్ "మార్షల్ తీర్పిచ్చాడు, ఇక అమలు కూడా ఆయన్నే చేసుకోమనండి" అన్నాడంటారే, అది నిజమా?

అడవితంగేడు (14)
రెండోది ముందు. ఆ మాట ఆయన అన్నట్టు ఆ కాలపు కాగితం ఏదీ లేదు. అంతర్యుద్ధం నాటి పుస్తకంలో, ముప్పై ఏళ్ల తర్వాత మొదటిసారి కనిపిస్తుంది. తీర్పు అసలు విషయం కూడా వేరు. 1832 మార్చిలో వచ్చిన వూస్టర్ వర్సెస్ జార్జియా కేసు మిషనరీల జైలుశిక్ష గురించి. చెరోకీ నేల మీద జార్జియా చట్టాలు చెల్లవని కోర్టు చెప్పింది. అమలు చేయమని జాక్సన్‌కి ఉత్తర్వు ఏదీ వెళ్లలేదు. మిషనరీలని గవర్నరు 1833 జనవరిలో వదిలేశాడు. మాట అనలేదు, కానీ చేసింది సరిగ్గా అదే: తీర్పు వెనక నిలబడలేదు. సౌత్ కరోలినాకి సైన్యం చూపించిన మనిషి పక్కనున్న జార్జియాకి వేలు కూడా చూపించలేదు.

మొదటిది. చెరోకీలని కదిలించిన కాగితం 1835 డిసెంబరు 29 నాటి న్యూ ఎకోటా ఒప్పందం. జాక్సన్ హయాం. జాతి ఎన్నుకున్న ముఖ్యుడు జాన్ రాస్ సంతకం దాని మీద లేదు. ఒక చిన్న వర్గం పెట్టిన సంతకాలు, ధర 50 లక్షల డాలర్లు. సెనేట్‌లో మూడింట రెండొంతులకి ఒక్క ఓటు మాత్రమే ఎక్కువ. 15,000కి పైగా పేర్లతో రాస్ వ్యతిరేక వినతిపత్రం పంపాడు, లాభం లేకపోయింది. గడువు రెండేళ్లు. గడువు తీరిన రోజుకి కుర్చీలో వాన్ బ్యూరెన్ ఉన్నాడు, అంతే తేడా. సుమారు 16,000 మందిని నడిపిస్తే 4,000 మంది దాకా చనిపోయారని ఎక్కువమంది చెప్పే అంచనా.

చిత్తుపద్దు (15)
ఇక్కడ ఒక మెలిక. జార్జియాలో చెరోకీ భూమి ఖజానాకి ఒక్క డాలరూ తేలేదు. 1802 ఒప్పందం ప్రకారం అది రాష్ట్రానికి పోవాలి, రాష్ట్రం 1832లో లాటరీ తీసి పంచేసింది. మామూలు చెక్క 160 ఎకరాలు, బంగారం ఉన్నచోట 40. కేంద్రానికి డబ్బొచ్చింది అలబామా, మిసిసిపీ, ఉత్తరాన ఇలినాయ్, ఇండియానా, మిషిగన్ భూముల అమ్మకాల్లో. ఉత్తరాన కూడా 1832 బ్లాక్ హాక్ యుద్ధం, 1833 షికాగో ఒప్పందం తర్వాతే ఆ జోరు.

పాతనాణెం (16)
ఇప్పుడు భూమి ఆఫీసులోకి వెళ్దాం. ప్రశ్నకి జవాబు అక్కడుంది.

1820 చట్టం ప్రకారం కనీస ధర ఎకరం డాలరుంపావు, అప్పు లేదు, రొక్కమే. 80 ఎకరాల చెక్కకి 100 డాలర్లు. "రొక్కం" అంటే రాష్ట్ర బ్యాంకు నోటు కూడా చెల్లేది. ఒక దళారి పెంపుడు బ్యాంకుకి వెళ్లి 100 డాలర్ల నోట్లు అప్పు తెచ్చాడనుకోండి. భూమి ఆఫీసులో కట్టాడు. రిసీవరు (అక్కడ డబ్బు తీసుకునే అధికారి) సాయంత్రం ఆ నోట్లు తీసుకెళ్లి అదే బ్యాంకులో ప్రభుత్వ ఖాతాలో వేశాడు. బ్యాంకు పుస్తకంలో ఇప్పుడు 100 డాలర్ల ప్రభుత్వ డిపాజిట్. దాన్ని చూపించి అవే నోట్లు ఇంకో దళారికి అప్పు. ఆ దళారి మళ్లీ భూమి ఆఫీసుకి. నోట్ల కట్ట ఒకటే, వీధికి అటూ ఇటూ తిరుగుతుంటుంది. తిరిగిన ప్రతిసారీ 80 ఎకరాలు పోతాయి, ఖజానా పుస్తకంలో 100 పెరుగుతుంది. పెట్టెలో నాణెం మాత్రం ఒక్కటి కూడా పెరగదు.

పాత రోజుల్లో ఆ కట్ట బిడిల్ బ్యాంకుకి చేరి, అక్కణ్నించి వెనక్కొచ్చి నాణేలు అడిగేది. అడిగేవాడు లేకుండా పోయాడు. 1836లో అమ్మిన భూమి సుమారు 2 కోట్ల ఎకరాలు.

గోదారిగట్టు (17)
@పాతనాణెం ఇది నేనెక్కడా చదవలేదు. అంటే "మిగులు" అన్న డబ్బులో చాలా భాగం బ్యాంకులే పుట్టించిన కాగితమా?

పాతనాణెం (18)
అవును. జాక్సన్‌కీ అది అర్థమైంది. అందుకే 1836 జులై 11న స్పీసీ సర్క్యులర్. ఆగస్టు 15 నుంచి ప్రభుత్వ భూమికి వెండి బంగారాలే కట్టాలి. అక్కడే కాపురముండే నిజమైన సెటిలరుకి 320 ఎకరాల వరకు డిసెంబరు 15 దాకా మినహాయింపు. రోగం సరిగ్గానే పట్టాడు. ఆ కళ్లెం ఊడదీసిన చెయ్యి కూడా ఆయనదే.

చిత్తుపద్దు (19)
సర్క్యులర్ ఒక్కదాని మీద తోసేయకండి. దానికి పద్దెనిమిది రోజుల ముందు, జూన్ 23న, కాంగ్రెస్ డిపాజిట్ చట్టం చేసింది. ఖజానాలో 50 లక్షలు ఉంచుకుని మిగతా సుమారు 3.7 కోట్లు రాష్ట్రాలకి నాలుగు వాయిదాల్లో, 1837 జనవరి 1 నుంచి మూడు నెలలకోసారి. పంపకం ఎలక్టోరల్ ఓట్ల లెక్కన. డబ్బు ఉన్నదేమో న్యూయార్క్ బ్యాంకుల్లో, పంచాల్సింది దేశమంతా. పుస్తకంలో అంకె పంచడం తేలికే. ఒక రాష్ట్రంలోంచి ఇంకో రాష్ట్రానికి పంపాలంటే నాణేలు కదలాలి. ఒకపక్క సర్క్యులర్ నాణేల్ని పడమటికి లాగుతోంది, ఇంకోపక్క వాయిదాలు లాగుతున్నాయి. న్యూయార్క్ పెట్టెలు ఖాళీ అయ్యాయి.

దొడ్డిగుమ్మం (20)
ఈ లెక్కల మధ్యలో ఒక జున్ను ముక్క. ఒక అభిమాని పంపిన 1,400 పౌండ్ల చీజ్ చక్రం, అంటే సుమారు 635 కిలోలు, వైట్‌హౌస్‌లో ఉండేది. 1837 ఫిబ్రవరి 22న తలుపులు తీసి జనాన్ని తినమన్నాడు. రెండు గంటల్లో ఖాళీ. న్యూయార్క్ బ్యాంకుల పెట్టెలు ఖాళీ అవ్వడానికి మాత్రం ఇంకో రెండున్నర నెలలు పట్టింది.

కాకతీయ72 (21)
16 నుంచి 19 దాకా చెప్పింది నిజమే, కానీ ఇంటి లోపలే వెతుకుతున్నారు. సగం కారణం లండన్లో ఉంది. మూలం మన దేశంలో కూడా ఉంది.

అంతకుముందు అమెరికన్ వర్తకులు చైనా టీ, పట్టు కొనడానికి మెక్సికన్ వెండి పట్టుకెళ్లేవారు. 1830ల్లో బ్రిటిష్ వాళ్లు మన పట్నా, మాల్వా ప్రాంతాల నల్లమందు కాంటన్లో కుమ్మరిస్తున్నారు. చైనా వర్తకులకి ఆ బాకీ తీర్చడానికి లండన్ మీద చెల్లే హుండీలు, అంటే అక్కడ సొమ్ము చెల్లించమనే కాగితాలు, కావాలి. అమెరికన్లు వెండి బదులు ఆ హుండీలు ఇస్తే చాలు. మెక్సికో నుంచి వచ్చిన వెండి అమెరికాలోనే ఉండిపోయింది. బ్యాంకుల్లో వెండి పెరిగింది కాబట్టే నోట్లూ పెరిగాయి. అంటే బ్యాంకులన్నీ ఒళ్లు మరిచి అచ్చేశాయి అన్నది పూర్తి నిజం కాదు.

ఆ తర్వాత దెబ్బ కూడా అక్కణ్నించే. 1836లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ వడ్డీ 4 నుంచి 5 శాతానికి పెంచింది, అమెరికా వ్యాపారం చేసే సంస్థలకి అప్పు బిగించింది. పత్తి ధర పడింది. 1837 మార్చిలో న్యూ ఓర్లియన్స్ పత్తి సంస్థలు, వాటి వెనకే న్యూయార్క్ వాళ్లు. జాక్సన్ లేకపోయినా ఈ దెబ్బ తగిలేది.

పాతనాణెం (22)
@కాకతీయ72 వెండి సంగతి ఒప్పుకుంటా. దెబ్బ తగిలేది, కాని అడ్డం ఉండాల్సిన గోడ లేదు. 1825లో లండన్ వణికినప్పుడు బిడిల్ బ్యాంకు ఇక్కడ ఒత్తిడి సర్దింది. 1837లో ఆ పని చేసేవాళ్లే లేరు. నేనైతే బాధ్యత సగానికి పైగా వాషింగ్టన్ మీదే వేస్తా.

కాకతీయ72 (23)
నేను సగానికి లోపే. ఇది ఇక్కడ తేలేది కాదు.

అడవితంగేడు (24)
పత్తి అన్నారు కాబట్టి ఒక్క మాట. అలబామా, మిసిసిపీలో చాక్టా, క్రీక్ నేల మీద వేసిన పంట అదే. వేసింది బానిసలు. "సామాన్యుడి అధ్యక్షుడు" అనేటప్పుడు 1804లో ఆయన ఇచ్చిన పత్రికా ప్రకటన కూడా చదవాలి: పారిపోయిన బానిసని పట్టిస్తే 50 డాలర్లు, పట్టుకున్నవాడు కొట్టే ప్రతి వంద కొరడా దెబ్బలకీ ఇంకో 10 డాలర్లు, మూడొందల దెబ్బల వరకు.

నాష్‌విల్_నుంచి (25)
చనిపోయేనాటికి ఆయన ఆధీనంలో ఉన్న బానిసలు సుమారు 150 మంది. నాష్‌విల్ దగ్గర హెర్మిటేజ్‌లో ఆయన సమాధితో పాటు బానిసల గుడిసెలు కూడా చూడొచ్చు.

వేపపుల్ల (26)
రాష్ట్రాలకి ఇచ్చిన వాయిదాలు తిరిగొచ్చాయా? పేరుకి "డిపాజిట్" కదా. బిడిల్ ఏమయ్యాడు?

చిత్తుపద్దు (27)
మూడు వాయిదాలు వెళ్లాయి, సుమారు 2.8 కోట్లు. నాలుగోది 1837 అక్టోబరు 1న ఇవ్వాలి, ఇవ్వడానికి డబ్బు లేక వాన్ బ్యూరెన్ సెప్టెంబరులో ప్రత్యేక సమావేశం పిలిచి వాయిదా వేయించాడు. ఇచ్చినదాన్ని కేంద్రం ఎప్పుడూ తిరిగి అడగలేదు.

బిడిల్ బ్యాంకు 1836లో పెన్సిల్వేనియా చార్టర్ తీసుకుని మామూలు రాష్ట్ర బ్యాంకుగా నడిచింది. పత్తి మీద పందెం కాసి 1841లో మునిగింది.

గోదారిగట్టు (28)
ఆ ప్రత్యేక సమావేశంలో ఖర్చులకి ఏం చేశారు మరి?

చిత్తుపద్దు (29)
అప్పు. 1837 అక్టోబరు 12న కోటి డాలర్ల ట్రెజరీ నోట్లకి అనుమతి.